క్వీన్ మేరీ గురించి నీకు చెప్పని సగం

అమ్మడూ,

ఆఫీసరు శిక్షణకి, డెక్ క్యాడెట్‌గా ఓడ ఎక్కబోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. సాయంత్రానికల్లా వీధంతా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

సీడీసీ (అదే, నావికుల గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు జిరాక్సులు విడిగా పెట్టుకో. వాంతులకి నిమ్మకాయ ఊరగాయ మంచిది. మిగతావి మీ అమ్మ చెబుతుంది.

చిన్నప్పుడు క్వీన్ మేరీ బొమ్మ చూపించి నీకీ పిచ్చి పట్టించింది నేనే. 1936లో సముద్రమెక్కిన ఆ విలాసాల ఓడ యుద్ధంలో బూడిదరంగు పూసుకుని సైనికుల్ని మోసిందని చెప్పాను. రెండు వేల చిల్లర ప్రయాణికుల కోసం కట్టిన దాంట్లో 1943 జులైలో ఒక్క ట్రిప్పుకే 16,683 మంది! ఒకే పడకలో వంతులవారీగా పడుకునేవారట. జలాంతర్గాములకి అందనంత వేగం, పైగా గురి కుదరకుండా వంకరటింకర నడక.

1942 అక్టోబరు 2 సంగతి మాత్రం దాచాను. ఐర్లండుకి ఉత్తరాన, పట్టపగలు, తనకి కాపలాగా వచ్చిన కురసోవా అనే క్రూయిజర్ యుద్ధనౌకనే గుద్ది రెండు ముక్కలు చేసింది. 300 మందికి పైగా పోయారు. జలాంతర్గాముల భయంతో ఆగొద్దని ఆజ్ఞ, ఆగలేదు. ఎదుటివాడే తప్పుకుంటాడని ఇద్దరు కెప్టెన్లూ అనుకున్నారు. మరీ దగ్గరవుతోందని డ్యూటీలో ఉన్న ఆఫీసరు ఓడని తిప్పబోతే, కెప్టెనే వద్దన్నాడు.

అది చదివినప్పుడల్లా మలక్కా జలసంధిలో నా రాత్రి ఒకటి గుర్తొస్తుంది. అప్పుడు నేనూ క్యాడెట్‌నే. ఓడ నడిపే గది పక్కన బయటి అరుగు, అదే బ్రిడ్జి వింగ్ మీద లుకౌట్, అంటే ముందేముందో చూస్తూ కాపలా. ముందు చిన్న దీపం కనిపించింది. లోపల సెకండ్ ఆఫీసరు చార్టు మీద వంగి ఉన్నాడు. అంతకుముందు రోజే, నక్షత్రాన్ని చూసి ఓడ అన్నందుకు అందరి ముందూ నవ్వాడు. రాడార్‌లో చూసే ఉంటాడులే అనుకుని నోరు మూసుకున్నాను. ఎంతసేపో తెలీదు. దీపం ఊగడం మొదలెట్టాక అరిచాను. ఓడ విసురుగా తిరిగింది. పక్కనే జాలరి పడవ, అందులో లాంతరు ఎత్తి పట్టుకున్న ముసలాయన. ఆయన ముఖం కనిపించింది, అమ్మడూ. అంత దగ్గర.

మీ నాయనమ్మకి కూడా చెప్పలేదిది. నువ్వు మాత్రం నోరు మూసుకోకు. తిట్టినా, నవ్వినా, నక్షత్రమే అయినా సరే, గట్టిగా చెప్పు. ఇంట్లో నన్ను ఎదిరించే నోరు అక్కడేమైపోతుంది?

ఓడ ఎక్కేముందు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

తాతయ్య