ల్యాబ్ నుంచి ప్లాంట్‌కి వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఆరేళ్లు ప్లాస్మా (విద్యుదావేశిత వాయువు) మీద, పలుచటి పొరల మీద పనిచేసి ఇప్పుడు ప్లాంట్‌లో తయారీ పద్ధతిని చూసుకునే ప్రాసెస్ ఇంజనీర్‌గా చేరితే చదివిందంతా వృథా అవుతుందా అని అడిగావు. కాదు. ఇది నిన్ను ఊరడించడానికి చెబుతున్న మాట కాదు. ఇదే దారిలో వచ్చి, ముప్ఫై ఏళ్లు ప్లాంట్‌లో గడిపినవాడిగా చెబుతున్నాను. చదువు పోదు కానీ, ఒక అలవాటు మాత్రం మార్చుకోవాలి.

ల్యాబ్‌లో పది శాంపిల్స్ చేస్తాం. వాటిలో బాగా వచ్చిన ఒక్కటి పేపర్‌లోకి వెళ్తుంది, మిగతా తొమ్మిదింటి గురించి ఎవరూ అడగరు. ప్లాంట్‌లో ఇది పూర్తిగా తిరగబడుతుంది. తొంభై తొమ్మిది బాగా వచ్చినా, చెడిపోయిన ఆ ఒక్కటి గురించే పొద్దున మీటింగ్‌లో అడుగుతారు. ఒకసారి సాధించడం అక్కడ గొప్ప కాదు. రోజూ, ఏ షిఫ్ట్‌లో ఎవరు నడిపినా అదే రావాలి.

ఈ విషయాన్ని మొదట స్పష్టంగా పట్టుకున్న వాల్టర్ షూహార్ట్ కూడా మనలాగే ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసినవాడే. 1917లో బర్క్‌లీలో డాక్టరేట్ తీసుకుని, మరుసటి ఏడాది టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో చేరాడు. 1924లో అక్కడే, తయారీ నిలకడగా ఉందో లేదో చూపే కంట్రోల్ చార్ట్‌ని ప్రతిపాదించాడు. మధ్యలో సగటు గీత, దానికి అటూ ఇటూ మూడు సిగ్మాల దూరంలో (సిగ్మా అంటే కొలతలు సగటు నుంచి మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే అంకె) రెండు గీతలు, అంతే. కొలతలు సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకునే సాధారణ పంపిణీలో ఉంటే, ఏ మార్పూ జరగకపోయినా వెయ్యింటిలో సుమారు మూడు ఆ గీతలు దాటుతాయి. లోపల ఉన్న పాయింట్ కాస్త పైకో కిందకో కదిలిందని ప్రతిసారీ నాబ్ తిప్పావంటే హెచ్చుతగ్గులు ఇంకా పెరుగుతాయి. మనలాంటివాళ్లకి ఇదే కష్టం. కారణం వెతకమని చెయ్యి దురద పెడుతుంది. ఎప్పుడు వెతకాలో, ఎప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలో ఆ చార్ట్ చెబుతుంది. చేరకముందే దాన్ని బాగా నేర్చుకో.

నా మొదటి ఏడాది సంగతి ఒకటి చెబుతాను. వేఫర్ల (చిప్‌లు చేసే పలుచటి సిలికాన్ పలకల) మీద ప్లాస్మాతో పొర వేసే మెషిన్ నాకు అప్పగించారు. లాట్‌కి, అంటే ఒక విడతకి, పాతిక వేఫర్లు. కొన్ని లాట్లలో మొదటి వేఫర్ మీద మాత్రం పొర పలుచగా వచ్చేది. ప్లాస్మా అంటే నా సొంత సబ్జెక్ట్ కదా, పవర్ మ్యాచింగ్ చూశాను, గ్యాస్ ఫ్లో చూశాను, పది రోజులు కాగితాలు నింపాను. ఒక రాత్రి షిఫ్ట్‌లో ఆపరేటర్ పక్కన నిలబడ్డాను. ఆయన స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే, "మెషిన్ రెండు గంటలు ఊరికే ఉంటే మొదటిది ఎప్పుడూ ఇంతే సార్, అందుకే మేం ముందు ఒక డమ్మీ వేఫర్ వేస్తాం" అన్నాడు. షిఫ్ట్ లాగ్ తిరగేస్తే మూడు నెలల కిందటే ఆయన చేతిరాతతో అదే రాసి ఉంది. అన్ని షిఫ్టులవాళ్లూ డమ్మీ వేయడం లేదు, తేడా అక్కడ వస్తోంది.

నా ఫిజిక్స్ పనికొచ్చింది ఆ తర్వాతే. ఖాళీగా ఉన్నప్పుడు ఛాంబర్ గోడలు చల్లారుతున్నాయి. ఎంతసేపట్లో చల్లారతాయో, మళ్లీ నిలకడకు రావడానికి ఎన్ని డమ్మీలు కావాలో కొలిచాను. ఒకటి చాలదు, రెండు కావాలని తేలింది. దాన్ని అందరికీ ఒకే రూల్‌గా రాశాం. అందుకే నీకు చెబుతున్నాను, ముందు లాగ్ చదువు, ఆపరేటర్‌ని అడుగు, ఆ తర్వాతే సిద్ధాంతం.

ఇంకో మాట. లాట్ ఆగిపోయినప్పుడు మేనేజర్ నిన్ను అడిగేది "ఎందుకు జరిగింది" అని కాదు. "దీన్ని వదలొచ్చా, ఆపాలా, తక్కినవాటికి ప్రమాదం ఉందా" అని. ముందు దానికి జవాబు చెప్పు. కారణం రేపు చెప్పినా ఫర్వాలేదు.

నేర్చుకోవలసినవి మరీ ఎక్కువేం లేవు. ప్రయోగాల రూపకల్పన నేర్చుకో. మూడు అంశాలు, ఒక్కోదానికి రెండు స్థాయిలు అనుకుంటే అన్ని కలయికలకీ కలిపి ఎనిమిది రన్లు. ఒక్కోటీ విడిగా మార్చుకుంటూ పోతే వాటి మధ్య సంబంధం కనిపించదు. ప్లాంట్‌లో ప్రతి రన్నూ ఉత్పత్తి సమయాన్ని తింటుంది కాబట్టి ఆ ఎనిమిది కూడా అడిగి సంపాదించుకోవాలి. కొలిచే పరికరాన్ని కూడా అనుమానించు. మొత్తం హెచ్చుతగ్గుల్లో కొలతవల్ల వచ్చేది పది శాతం లోపు ఉంటే నిశ్చింత, ముప్ఫై దాటితే ఆ డేటాతో నిర్ణయాలు తీసుకోవద్దు. రసాయన ప్లాంట్‌లో చేరితే పైపింగ్ డ్రాయింగ్ చదవడం కెమికల్ ఇంజనీర్ పక్కన కూర్చుని నేర్చుకో, అందులో నామోషీ ఏమీ లేదు. రియాక్టర్ కొలతలు పదింతలైతే పుట్టే వేడి వెయ్యింతలు, అది బయటకు పోయే ఉపరితలం వందింతలే అవుతుందని నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. నీ బలం అలాంటి చోట్ల ఉంది.

రెజ్యూమే పంపావు కదా, మొదటి లైన్‌లో థీసిస్ పేరెందుకు? వాక్యూమ్ సిస్టమ్‌ని నాలుగేళ్లు నువ్వే నడిపావు, అది పైన పెట్టు. ఛాంబర్‌లో ప్రెషర్ దిగకపోతే ఏం చేశావో రాయి. ఛాంబర్‌లో మిగిలిన వాయువుల్ని అణుభారాన్ని బట్టి చూపే మాస్ స్పెక్ట్రమ్‌లో 28 (నైట్రోజన్), 32 (ఆక్సిజన్) కలిసి లేస్తే గాలి లీకు అని, 18 (నీరు) ఒక్కటే పెద్దగా ఉంటే గోడలకి పట్టిన తేమ అని నువ్వు చూడగానే చెప్పగలవు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెతికేది అలాంటి మనిషి కోసమే. "ఇంత చదివారు, ఇక్కడ ఉంటారా" అని తప్పకుండా అడుగుతారు. ఉండాలని ఎందుకు అనుకుంటున్నావో నాకు ఫోన్‌లో చెప్పినట్టే వాళ్లకీ చెప్పు. నువ్వు కూడా వాళ్లని అడుగు: రాత్రిపూట కాల్స్ ఎన్ని, ప్లాంట్ ఒకసారి చూపిస్తారా అని.

మొదటి ఏడాది కొంత బాధ ఉంటుంది. పేపర్లు ఉండవు, కనిపెట్టింది బయట చెప్పుకునే వీలుండదు. నాకూ ఉండేది. వారానికి ఒక సాయంత్రం చదువుకోవడానికి అట్టేపెట్టుకున్నాక కాస్త తేలికపడింది.

చేరే తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి. మొదటి నెలలోనే నైట్ షిఫ్ట్ అడిగి వేయించుకో. అనుమతి కాగితం లేకుండా రెసిపీలో, అంటే మెషిన్ సెట్టింగుల పట్టికలో, ఒక్క అంకె కూడా మార్చకు, అది తప్పని నీకు ఎంత నమ్మకంగా అనిపించినా సరే. సేఫ్టీ షూస్ ఇస్తే ఇంట్లోనే రెండు రోజులు వేసుకుని నడువు. కరవకుండా ఉంటేనే పన్నెండు గంటలు నిలబడగలవు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న