'తాగుబోతు' అని రాయవచ్చా?

సందేహం: డీఅడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. కేసు షీటులో 'తాగుబోతు. భార్యను కొడతాడట' అని రాస్తే మా డాక్టరుగారు రెండూ కొట్టేశారు. మందంటే నాకు గిట్టదు, నిజమే. కానీ ఇందులో భాషాదోషం ఏముంది?

సమాధానం: వ్యాకరణదోషం లేదు. అయినా కొట్టేయడం సబబే.

తిండిపోతు, సోమరిపోతు, తిరుగుబోతు, వదరుబోతు... ఈ వరుసలో మెచ్చుకోలు మాట ఒక్కటి చూపించండి! పోతు అంటే మగజంతువు. మనిషి గుణం పక్కన చేరిందంటే తిట్టే. మందు గిట్టకపోవడం మీ ఇష్టం. ఆ గిట్టనితనం 'బోతు'తో పాటు షీటులోకి ఎక్కింది. రేపు అది చదివే నర్సమ్మ కూడా ఆ మనిషిని చూడకముందే ఒక అభిప్రాయానికి వచ్చేస్తుంది.

'మందుబాబు' వెక్కిరింత, దాన్ని పత్రికల హెడ్డింగులకు వదిలేద్దాం. 'మద్యానికి బానిస'లో జాలి ఉంది గానీ, మానాలని వచ్చినవాడికి నీ చేతుల్లో ఏమీ లేదని ముందే చెప్పినట్టవుతుంది. 'వ్యసనపరుడు' మర్యాదగా వినిపిస్తుంది. దాని వెనక మాత్రం జూదం, వేటల సరసన మద్యపానాన్ని కూర్చోబెట్టిన సప్తవ్యసనాల జాబితా ఉంది. అది నీతిశాస్త్రం సంగతి, వైద్యానిది కాదు. మద్యం దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అనారోగ్యంలోనే చేర్చింది. సమాజపు నైతిక విలువలకు ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టవద్దని కూడా అదే చట్టం 3వ సెక్షన్‌లో ఉంది.

అసలు నామవాచకం కోసం వెతకడమెందుకు? క్రియ రాయండి: 'రోజూ తాగుతున్నారు. మానాలని వచ్చారు.' భార్యే 'తాగుబోతు' అంటే ఆ మాట దిద్దకండి, ఉల్లేఖన చిహ్నాల్లో ఆమె మాటగానే ఉంచండి.

ఇక 'అట'. ఇతరుల ద్వారా విన్నదని చెప్పడమే దాని పని. కానీ చాలాసార్లు 'నాకైతే నమ్మకం లేదు' అన్న ధ్వని కూడా వస్తుంది. తాగుడు విషయంలో తీర్పే చెప్పిన మీరు, దెబ్బల దగ్గరికొచ్చేసరికి అనుమానం పెట్టారు. మొగుడూ పెళ్లాల గొడవల్లో ఇది మామూలే అన్న భావన మీలో ఎక్కడైనా ఉందేమో చూసుకోండి. 'కొడుతున్నారని భార్య చెప్పారు' అంటే చాలు.

ఎదురుగా కూర్చున్నప్పుడు 'ఎందుకు తాగుతావు?' అని అడగకండి. మనలో 'ఎందుకు' చాలావరకు నిలదీతే, జవాబు కోసం కాదు. 'ఏ వేళలో తాగాలనిపిస్తుందండీ?' అంటే ఆయనకు చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.