“రెండు బీర్లే తాగానని చెబితే సరిపోదా?”

ప్రశ్న: మేం షికాగో శివారులో ఉంటాం. మా వారు హెచ్‌-1బీ మీద, నేను హెచ్‌-4 మీద ఉన్నాం. ఏడేళ్ల పాప ఉంది. నెల క్రితం ఒక శుక్రవారం రాత్రి పార్టీ నుంచి ఆయనే కారు నడుపుకుంటూ వస్తుంటే పోలీసులు ఆపారు. స్టేషన్లో ఊదిస్తే 0.17 వచ్చిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంతకుముందు ఏ కేసూ లేదు. ఇప్పుడు కోర్టు డ్రగ్ అండ్ ఆల్కహాల్ ఎవాల్యుయేషన్ (మద్యం, డ్రగ్స్ అలవాటు ఎంతుందో అంచనా వేసే పరీక్ష) చేయించుకు రమ్మంది. “రెండు బీర్లు తాగాను, పార్టీల్లో తప్ప ముట్టను అని చెప్పు, అరగంటలో వదిలేస్తారు” అని ఆయన స్నేహితుడు సలహా ఇచ్చాడు. ఆయన అదే బట్టీ పడుతున్నారు, నన్నూ అలాగే చెప్పమంటున్నారు. కానీ ఆయన వారంలో నాలుగైదు రాత్రులు తాగుతారు. మొన్న గరాజ్‌లో పాత సూట్‌కేస్ తెరిస్తే సగం ఖాళీ అయిన విస్కీ బాటిల్ కనిపించింది. లోపల ఏం అడుగుతారు? హైదరాబాద్ డ్రంక్ అండ్ డ్రైవ్ కౌన్సెలింగ్‌లో లాగా భార్యనూ కూర్చోబెడతారా? ఆఫీసుకు తెలుస్తుందా? వీసా పోతుందా? డిసెంబర్‌లో మామయ్యగారి షష్టిపూర్తికి గుంటూరు వెళ్లాలి. అక్కడ ఎవరికీ ఇంకా చెప్పలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు బీర్ల సంగతి తేల్చుకుందాం. మీ ఇద్దరి మధ్య ఇప్పుడు నలుగుతున్నది ఆ మాటే. ఆ గదిలో అది అయిదు నిమిషాలు కూడా నిలవదు.

అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. అంటే 12 ఔన్సుల మామూలు బీరు ఒకటి, లేదా ఒకటిన్నర ఔన్సు విస్కీ. 75 కిలోల మగమనిషి రెండు బీర్లు తాగితే రీడింగు 0.05 దరిదాపుల్లో ఆగిపోతుంది. నాలుగు గంటల పార్టీ తర్వాత 0.17 రావాలంటే అటూ ఇటూగా ఎనిమిది డ్రింకులు లోపలికి వెళ్లి ఉండాలి. మనవాళ్లు పోసుకునే 60 ఎంఎల్ పెగ్గులో ఒక డ్రింక్ కన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి, పెగ్గుల్లో చెప్పాలంటే సుమారు ఆరు. మీరుండే ఇల్లినాయ్ రాష్ట్రంలో చట్టం ఒప్పుకునే హద్దు 0.08. మన దేశంలో వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. ఎవాల్యుయేటర్ రోజంతా చూసేది ఇలాంటి అంకెలే. పోలీసు రిపోర్టు కూడా ముందుంటుంది. పైగా అంత తాగాక కూడా కారు స్టార్ట్ చేసి కొంత దూరం నడిపాడంటే, ఒంటికి మందు బాగా అలవాటు పడిందని వాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఇల్లినాయ్‌లో తాగి నడిపిన కేసుల్లో (వీటినే డీయూఐ అంటారు) శిక్ష ఖరారు చేసే ముందు ఈ ఎవాల్యుయేషన్ తప్పనిసరి. రాష్ట్ర హ్యూమన్ సర్వీసెస్ శాఖ లైసెన్స్ ఉన్న చోటే చేయించుకోవాలి. ఎక్కడికి వెళ్లాలో లాయర్‌నే అడగండి, కొన్ని కౌంటీల్లో ఫలానా చోటికే వెళ్లాలంటారు. ఫీజు మీరే కట్టుకోవాలి. కోర్టు కాగితం, టికెట్, టెస్ట్ రిజల్ట్, డ్రైవింగ్ రికార్డు, వాడుతున్న మందుల పేర్లు పట్టుకెళ్లాలి. గంట నుంచి రెండు గంటలు పడుతుందనుకోండి. లైసెన్స్ సంగతి కూడా చూసుకోండి. సస్పెన్షన్ నోటీసు చేతికిచ్చిన 46వ రోజు నుంచి మొదలవుతుంది. మొదటిసారి దొరికి, ఊదిన వారికి ఆరు నెలలు. మీ వారికి ఆ రోజు దగ్గరకొస్తోంది, కాబట్టి ఎవాల్యుయేషన్‌కు ఆయన్ని కారులో దింపాల్సింది మీరే కావచ్చు. ఊదితేనే స్టార్ట్ అయ్యే పరికరం కారుకు పెట్టించుకుని పర్మిట్ మీద నడిపే వీలు కూడా ఉంది, లాయర్‌ని అడగండి.

మొదట మామూలు ప్రశ్నలే వస్తాయి. ఏం చదివారు, ఏం ఉద్యోగం, ఇంట్లో ఎవరెవరున్నారు, నిద్ర ఎలా పడుతోంది. తర్వాత అసలు విషయంలోకి వస్తారు. మొట్టమొదట ఎన్నేళ్లప్పుడు తాగారు, ఇప్పుడు వారానికి ఎన్ని రోజులు, ఒక్క రాత్రిలో అత్యధికంగా ఎంత, తాగిన మర్నాడు ఏం జరిగిందో గుర్తులేని సందర్భాలున్నాయా, మానేద్దామని ఎప్పుడైనా ప్రయత్నించారా, నాన్నగారికో మేనమామకో అలవాటు ఉందా, ఇంతకుముందు ఎక్కడైనా, అంటే ఇండియాలోనైనా, పట్టుబడ్డారా. అరెస్టయిన రోజును గంటగంటకూ చెప్పిస్తారు. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఏం తిన్నారు, చివరి గ్లాసు ఎప్పుడు. ఒకే విషయాన్ని తిప్పి తిప్పి అడిగినప్పుడు బట్టీ పట్టిన జవాబుకు పొంతన కుదరదు. ఇంటర్వ్యూతో పాటు రాత పరీక్ష కూడా ఉంటుంది. అవును, కాదు అని టిక్కులు పెట్టే ప్రశ్నలే, కానీ మనిషి ఎంత దాస్తున్నాడో పట్టుకునే ప్రశ్నలు కూడా అందులో కలిపి ఉంటాయి. కొన్ని చోట్ల మూత్ర పరీక్ష చేస్తారు.

అంతా అయ్యాక ఆయన్ని నాలుగు తరగతుల్లో ఒకదానిలో పెడతారు: మినిమల్, మోడరేట్, సిగ్నిఫికెంట్, హై రిస్క్. పాత కేసులు లేకుండా, వేరే లక్షణాలేవీ కనిపించకుండా, రీడింగు 0.15, 0.19 మధ్య ఉంటే మోడరేట్ అంటారు. దానికి పది గంటల క్లాసులు, ఆపైన నాలుగు వారాలకు తగ్గకుండా పన్నెండు గంటల కౌన్సెలింగ్. తాగుడు సమస్యగా మారిన లక్షణాలు కనిపిస్తే సిగ్నిఫికెంట్. అప్పుడు అవే పది గంటల క్లాసులతో పాటు కనీసం ఇరవై గంటల చికిత్స. హై రిస్క్ అయితే 75 గంటలు. గమనించండి, ఎంత తెలివిగా బొంకినా 0.17 ఉన్నవాడు మినిమల్‌లోకి రాడు. సిగ్నిఫికెంట్‌లో పడాల్సిన మనిషికి అబద్ధంతో తప్పేది ఎనిమిది గంటలే. దొరికిపోతే, ఆయన మాటలకూ రికార్డుకూ పొత్తు కుదరలేదన్న వాక్యం రిపోర్టులోకి ఎక్కి జడ్జి ముందుకు వెళుతుంది. ఆ స్నేహితుడు మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. అయినా ఆ సలహా మీ వారిని ముంచుతుంది.

నిజం చెప్పమంటున్నాను. కానీ ఒక్క విషయంలో నిజం చెప్పే ముందు లాయర్ గడప తొక్కి తీరాలి. అది గంజాయి. ఇల్లినాయ్‌లో 2020 జనవరి 1 నుంచి 21 ఏళ్లు నిండినవారికి అది చట్టబద్ధమే. పార్టీల్లో గమ్మీల (నమిలే మిఠాయిల) రూపంలో చేతులు మారుతూనే ఉంటుంది. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద, ఆ చట్టంలో అది ఇప్పటికీ నియంత్రణలో ఉన్న డ్రగ్గే. పౌరసత్వం లేని మనిషి కేసు లేకపోయినా, వాడానని నోటితో ఒప్పుకుంటేనే చిక్కుల్లో పడవచ్చు. మీ వారికి అలాంటిదేమైనా ఉంటే, ఎవాల్యుయేషన్ తేదీకి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో విడిగా మాట్లాడాలి. ఎంతవరకు జవాబివ్వాలో, దేనికి జవాబివ్వనని మర్యాదగా చెప్పాలో ఆ లాయరే చెప్పాలి. అబద్ధం చెప్పడం వేరు, లాయర్ సలహా మీద జవాబివ్వకపోవడం వేరు.

క్రిమినల్ లాయర్ ఒక్కరే చాలరా అంటే, చాలరు. నేరం ఒప్పుకుంటే దేశం విడవాల్సిన ముప్పు ఉందేమో క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని 2010లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ప్రశ్న నేరుగా అడగండి. ఇక్కడ మొదటిసారి దొరికినవారికి తరచూ కోర్ట్ సూపర్విజన్ ఇస్తారు, అంటే షరతులు పెట్టి కొంతకాలం కోర్టు కనిపెట్టి ఉంటుంది. రాష్ట్రం లెక్కలో అది నేరం రుజువై శిక్ష పడినట్టు కాదు. నేరం ఒప్పుకుని తీసుకున్న సూపర్విజన్‌ను ఇమిగ్రేషన్‌వాళ్లు మాత్రం నేరం రుజువైనట్టే లెక్కేస్తారు. అలాగని భయపడిపోకండి. ఎవరికీ దెబ్బ తగలని మొదటి డీయూఐ ఒక్కదానితో మామూలుగా దేశం నుంచి పంపేయరు. కానీ ఆ మాట మీ వారి కాగితాలు చూసిన లాయర్ నోటి నుంచి వినాలి.

ఆఫీసు సంగతి. మద్యం, డ్రగ్స్ చికిత్స రికార్డులకు ఫెడరల్ చట్టంలో మామూలు వైద్య రికార్డులకన్నా గట్టి రక్షణ ఉంది. ఆయన సంతకం పెట్టిన రిలీజ్ ఫారంలో ఎవరి పేరు ఉంటే వాళ్లకే రిపోర్టు వెళుతుంది, అంటే కోర్టుకు, లాయర్‌కు. కంపెనీకి ఎవాల్యుయేటర్ ఫోన్ చేయరు. కాకపోతే ఆ ఫారం చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి. మనవాళ్లు బ్యాంకులోనైనా ఆసుపత్రిలోనైనా వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తారు. కోర్టు పంపిన కేసుల్లో ఒకసారి ఇచ్చిన అనుమతిని కేసు ముగిసేదాకా వెనక్కి తీసుకోవడం కుదరకపోవచ్చు. కేసు మాత్రం కోర్టు రికార్డుల్లో ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తే కనిపిస్తుంది.

మిమ్మల్ని కూర్చోబెడతారా అన్నారు. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల పద్ధతిలో మీ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి క్లాసు పీకరు. ఆయన ఒప్పుకుంటే ఎవాల్యుయేటర్ ఇంట్లోవాళ్లతో విడిగా మాట్లాడవచ్చు. అలా పిలిస్తే మీరు అబద్ధం చెప్పకండి. మాట్లాడటం ఇష్టం లేదని చెప్పవచ్చు, మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేరు. కానీ ఆ సంగతి మీ వారికి ఇప్పుడే తెలియాలి. ఆయన తాగని పూట, పాప నిద్రపోయాక చెప్పండి: “నేను మీ మీద ఫిర్యాదు చేయను, మీ కోసం అబద్ధమూ చెప్పను.” ఒక్కసారి చెబితే చాలు, వాదన పెట్టుకోవద్దు. ఆ మాట అనడానికే మీకు భయంగా ఉంటే, ఆయన చెయ్యి చేసుకునే మనిషైతే, మీరు ఉత్తరంలో రాయని ఆ సంగతి ముందు చూడాలి. గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233కి ఫోన్ చేసి, ఇంగ్లిష్‌లో ఇబ్బందిగా ఉంటే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

ఎవాల్యుయేషన్‌కు నాలుగు రోజుల ముందు మానేస్తే ఏ టెస్టులోనూ దొరకనన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మూత్రంలో చేసే ఈటీజీ పరీక్ష తాగిన రెండు మూడు రోజుల తర్వాత కూడా పసిగడుతుంది, అది ఒక సంగతి. నాకు ఎక్కువ బెంగ వేరే ఉంది. మీకు కనిపిస్తున్నవి నాలుగైదు రాత్రులు. ఆ సూట్‌కేస్ సంగతి చూస్తే మీకు కనిపించనివి కూడా ఉండొచ్చు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు, కంగారు మొదలై కొందరికి ఫిట్స్ దాకా వెళుతుంది, ప్రాణానికే ముప్పు. మానడానికి ముందు డాక్టర్‌కు చెప్పి మానాలి. ఫిట్స్ వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా 911కి ఫోన్ చేయండి, పరువు గురించి ఆలోచించకండి.

ఆయనకు నిజంగా సమస్య ఉందా అని మీరు అడగలేదు. బాటిల్ సంగతి రాశారంటే ఆ ప్రశ్న మీ మనసులో ఉందనే అనుకుంటున్నాను. నేను ఇక్కడ కూర్చుని రోగం పేరు పెట్టను. డాక్టర్లు చూసే లక్షణాలు పదకొండు. అనుకున్నదానికన్నా ఎక్కువ తాగడం, తగ్గించుకోవాలనుకుని తగ్గించలేకపోవడం, ఇంట్లో గొడవలవుతున్నా ఆపలేకపోవడం, ఒకప్పుడు రెండు పెగ్గులకు ఎక్కింది ఇప్పుడు నాలుగైనా ఎక్కకపోవడం, ఇలాంటివి. ఏడాదిలో రెండు మూడు కనిపిస్తే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే తీవ్రం. దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది, పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వెళ్లే చికిత్స ఉంది. ఇంట్లో మీరెన్నిసార్లు అడిగినా ఆయన దాటేసి ఉంటారు. బయటి మనిషి కాగితం ముందు పెట్టుకుని అడగడం బహుశా ఇదే మొదటిసారి. అందుకే ఆ రెండు గంటలు అబద్ధానికి ఖర్చయిపోకూడదని ఇంతగా చెబుతున్నాను. కోర్టుతో సంబంధం లేకుండా చికిత్స వివరాలు కావాలంటే 1-800-662-4357 ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది. తాగేవారి ఇంట్లోవాళ్ల కోసం ఆల్-అనాన్ సమావేశాలుంటాయి, మీరొక్కరే వెళ్లవచ్చు.

చివరగా గుంటూరు ప్రయాణం. టికెట్లు కొనకండి. డీయూఐ అరెస్టు జరిగితే, కేసు తేలకముందే పాస్‌పోర్టులో వీసాను అమెరికా విదేశాంగ శాఖ రద్దు చేయవచ్చు. చాలామందికి ఆ సంగతి కాన్సులేట్ నుంచి ఈమెయిల్‌గా వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండమనండి. రద్దయినంత మాత్రాన ఉన్నపళంగా ఇక్కడి నుంచి వెళ్లిపోనక్కర్లేదు, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉన్నంతవరకు ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ దేశం దాటితే తిరిగి రావడానికి కొత్త వీసా స్టాంపింగ్ కావాలి, దరఖాస్తులో అరెస్టు సంగతి రాయాలి, కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర తాగుడు గురించి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అది వారాలు లాగితే ఉద్యోగం ఇక్కడ, మనిషి అక్కడ.

ఆ కారణం మామయ్యగారికి చెప్పాల్సింది మీ వారు. ఆఫీసులో సెలవు దొరకలేదని మీరు అత్తయ్యగారితో చెప్పి కప్పిపుచ్చకండి, రేపు నిజం బయటపడితే మాట పడేది మీరే. మీరూ పాపా అయినా వెళ్లి రావచ్చా అన్నది కూడా ఇమిగ్రేషన్ లాయర్‌నే అడగండి. మీ హెచ్‌-4 ఆయన వీసాను ఆనుకుని ఉన్నదే కాబట్టి, ఆ సంగతి తేలేదాకా మీరూ విమానం ఎక్కొద్దు.