పర్సెప్షన్ చదివితే బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. చూసినదీ విన్నదీ మనసుకు ఎలా అర్థమవుతుందో, అదే పర్సెప్షన్ అట, తెలుసుకోవాలట, సైకాలజీయే చదువుతానని పట్టు పట్టింది. నర్సింగ్ అంటే వినదు. కళ్లెదుట ఉన్నది కనబడటానికి చదువెందుకండీ? దీనితో ఉద్యోగం వస్తుందా?

జవాబు: నమస్కారమండీ. ముందుగా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పని చేయండి. గీతల కాగితం మీద ఒకే గీతపై ఎడమవైపు ఇంటూ గుర్తు, దానికి ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో కుడివైపు చిన్న చుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఇంటూ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తెండి. జానెడుకు కాస్త ఎక్కువ దూరంలో చుక్క మాయమవుతుంది. అక్కడ ఖాళీ కూడా కనబడదు, గీత తెగకుండా సాగినట్టే ఉంటుంది. కంటినరం బయటికి వెళ్లే చోట వెలుతురును పట్టే కణాలు లేవు. ఆ లోటును మెదడు చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి పూడుస్తుంది. చూడటమంటే మనకు తెలియకుండానే జరిగే ఊహ అని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే అన్నాడు. మీ అమ్మాయిని పట్టుకున్నది ఇంత పెద్ద ప్రశ్న. దయచేసి తేలిగ్గా తీసేయకండి.

పైగా ఇంట్లో తెలుగు, బయట ఒడియా వింటూ పెరిగిన పిల్లకు ఈ విషయం చెవిలోనే ఉంది. ఒడియావాళ్లు 'అ'ను 'ఒ'కు దగ్గరగా పలుకుతారు, అయినా ఆమె తడబడదు. వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఆరెనిమిది నెలల పసివాళ్లు హిందీలోని త, ట తేడాను పట్టుకున్నారు. ఏడాది నిండేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. వాళ్ల చెవులు చెడలేదు. ఇంట్లో పనికిరాని తేడాను మెదడు పక్కన పెట్టేసింది.

ఇక ఉద్యోగం. సైకాలజీ డిగ్రీతో ఆగిపోతే అవకాశాలు తక్కువ, ఇది దాచను. పీజీ దాకా అయిదేళ్ల ఓపిక ఇంటికి ఉంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, గాంధీనగర్ ఐఐటీలోనూ కాగ్నిటివ్ సైన్స్, అంటే మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం, చదవవచ్చు. రెండూ కేంద్ర సంస్థలే కాబట్టి ఒడిశా బోర్డు, ఆంధ్ర బోర్డు అన్న తేడా రాదు. రోగులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు, ఆ తర్వాత నమోదు తప్పనిసరి.

అంతకాలం ఆగలేమంటే నా మొగ్గు ఆడియాలజీ, స్పీచ్ పాథాలజీ డిగ్రీ వైపు, అంటే వినికిడి, మాట లోపాలను పరీక్షించి సరిదిద్దే చదువు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. కాక్లియర్ ఇంప్లాంట్ (వినబడనివాళ్లకు ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే పరికరం) పెట్టిన బిడ్డకు శబ్దం చేరినంత మాత్రాన మాట అర్థం కాదు. ఆ శబ్దాలను పోల్చుకోవడం మెదడు నెలల తరబడి నేర్చుకోవాలి, పక్కనుండి నేర్పేది ఈ డిగ్రీ చదివినవాళ్లే. అమ్మాయి ప్రశ్న, మీరు కోరుకునే ఆసుపత్రి కొలువు రెండూ అక్కడ కలుస్తాయి. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ దీనికి పేరుపడ్డ కేంద్ర సంస్థ.

ఒక్క మాట. ఏ దారైనా గణాంకశాస్త్రం తప్పదు, లెక్కలంటే భయం ఉంటే ఇప్పుడే పోగొట్టండి. నర్సింగ్ దరఖాస్తు నింపే ముందు మైసూరు ప్రవేశ ప్రకటనను అమ్మాయితో కలిసి ఒకసారి చదవండి.