పాత ల్యాప్‌టాప్‌లో పిల్లలకి ఏది వేయాలి? మింట్ వేయండి, ఆ రోజే తెలుగు కీబోర్డు కూడా పెట్టండి

పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉంది, 2 జీబీ ర్యామ్, ఇంట్లో చిన్న పిల్లలున్నారు, తేలిగ్గా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా చెప్పండి అని అడిగారు. లినక్స్ మింట్ వేయండి. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అని ఒక రకం ఉంటుంది, అది తీసుకోండి. ఈ పని నేను రెండుసార్లు చేయాల్సి వచ్చింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా వారు కువైట్‌లో ఉంటారు. ఆయన వాడిన ల్యాప్‌టాప్ బీరువా మీద దుమ్ము పట్టి పడుంది. టౌన్లో షాపుకి తీసుకెళ్తే మూత కూడా తెరవకుండా "స్క్రాప్ అండి, కొత్తది తీసుకోండి" అన్నారు. ఇంకో షాపులో విండోస్ వేసిస్తామన్నారు, అది దొంగ కాపీ అని వాళ్లే చెప్పేశారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11కి కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. అవి లేనంత మాత్రాన స్క్రీన్, కీబోర్డు అన్నీ బాగున్న మెషీన్‌ని చెత్త అనేస్తారా? నాకు ఇప్పటికీ కోపమే. మాది పాడైంది బ్యాటరీ ఒక్కటే, ప్లగ్ తీస్తే ఆగిపోతుంది.

మొదటిసారి పెన్‌డ్రైవ్ లోంచే నడిచే చిన్న సిస్టమ్ ఒకటి పెట్టాను. చాలా తేలిక, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోదు, నిమిషంలో తెరుచుకుంటుంది. మా పాప రెండో తరగతి. టక్స్ పెయింట్ అని బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి మధ్యాహ్నం కూర్చుంది. గోదావరి గీసింది, అవతలి ఒడ్డున కొబ్బరి చెట్లు, మధ్యలో పంటు (మనుషుల్ని, బళ్లని రేవు దాటించే పెద్ద పడవ), దాని మీద రెండు మోటారు సైకిళ్లు, వాటి పక్కన గొడుగు పట్టుకుని అమ్మమ్మ. మా అమ్మది నరసాపురం వైపు, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి వస్తుంది. గొడుగుకి రంగు నచ్చక నాలుగైదుసార్లు మార్చింది. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. గంట తర్వాత కరెంటు వచ్చాక చూస్తే ఏమీ లేదు. అలా నడిచే సిస్టమ్‌లో మనం చేసిందంతా ర్యామ్‌లోనే ఉంటుందట, షట్‌డౌన్ చేసేటప్పుడు అడిగితేనే దాచుకుంటుందట. నాకు ఆ సంగతి తెలియదు. "అమ్మమ్మ ఏదమ్మా?" అని పాప అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు.

మా వైపు వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌కి ఎంత తేలిక అన్నదాని కంటే, కరెంటు పోతే మన పని ఏమవుతుంది అన్నది ముందు చూసుకోవాలి. మింట్‌ని డిస్క్ మీద ఎక్కిస్తే ఫైల్ సిస్టమ్ తను చేసే మార్పులని ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో ఆగిపోయినా మళ్లీ తెరిచేటప్పుడు ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. సేవ్ చేయని బొమ్మ ఎలాగూ పోతుంది, సేవ్ చేసింది మాత్రం మా ఇంట్లో ఇంతవరకూ పోలేదు. టక్స్ పెయింట్‌లో సేవ్ నొక్కితే పేరు కూడా అడగదు, చిన్నపిల్లలు కూడా నొక్కేస్తారు.

ఆ రాత్రే హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్‌లో చెప్తుంటే నేను మింట్ ఎక్కించాను. అంతా అయ్యాక వైఫై కనపడలేదు. ఒకటే టెన్షన్! మీకూ ఇలా కావచ్చు, కంగారు పడకండి. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫైకి కావాల్సింది అదే చూపిస్తుంది. 2 జీబీతో మింట్ నడుస్తుంది కానీ బ్రౌజర్ తెరిస్తే అవస్థ పడుతుంది. సిస్టమ్ ఎంత తేలికదైనా యూట్యూబ్ బరువు యూట్యూబ్‌దే కదా. మేము తర్వాత ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించి, హార్డ్ డిస్క్ తీసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టించాం. మెషీన్‌కి ప్రాణం వచ్చింది ఎస్‌ఎస్‌డీతోనే.

ఇక తెలుగు కీబోర్డు. సెట్టింగ్స్‌లో కీబోర్డు లేఅవుట్‌కి తెలుగు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది, అంటే ఒక్కో మీటకి ఒక్కో తెలుగు అక్షరమో గుర్తో ఉండే కీబోర్డు. మా పాప పేరులో లక్ష్మి ఉంది. ఎన్ నొక్కితే ల, కే నొక్కితే క, డీ నొక్కితే పొల్లు. షిఫ్ట్ పట్టుకుని కామా నొక్కగానే "క్" కాస్తా "క్ష" అయిపోయింది. పాప స్క్రీన్‌కి ముక్కు ఆనించి చూసింది. మళ్లీ డీ, సీ, ఎఫ్ నొక్కితే "లక్ష్మి" పూర్తయింది. బడిలో ఎన్నిసార్లు రాయించినా కుదరని ఒత్తు ఎక్కడినుంచి పుడుతుందో దానికి ఆ రోజు కనపడింది. చెరిపేసి మళ్లీ కొట్టింది, ఎన్నిసార్లో లెక్కలేదు.

ఇప్పుడు పిల్లలందరూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. పెద్దవాళ్లమూ అంతే. వాళ్ల నాన్నకి "ela unnav" అని పంపే పిల్లలకి ఒత్తులు, దీర్ఘాలు ఎప్పటికి పట్టుబడతాయి? ఫోన్ చేతికిస్తే చూడటమే ఉంటుంది, కీబోర్డు ఉన్న మెషీన్ ఇస్తే ఏదో ఒకటి చేస్తారు. నేను ల్యాప్‌టాప్ దించింది అందుకే.

మిగతావి: జీకాంప్రీ తప్పకుండా వేయండి, లెక్కల ఆటలు, మౌస్ అలవాటు చేసే ఆటలు బోలెడు, నెట్ అక్కర్లేదు. పెద్దవాడికి కివిక్స్ అనే ప్రోగ్రాంలో తెలుగు వికీపీడియా దించి పెట్టాను, అదీ నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. మీ ప్రాసెసర్ 64 బిట్ అవునో కాదో ముందు చూసుకోండి. 32 బిట్ అయితే ఇప్పటి మింట్ ఎక్కదు, యాంటిఎక్స్ అని ఇంకో తేలికైన లినక్స్ ఉంది, అది చూడండి.

పాప ఆ పంటు బొమ్మ మళ్లీ గీసింది, ఈసారి అమ్మమ్మ పక్కన వాళ్ల నాన్న కూడా ఉన్నాడు. కింద పేరు తనే కొట్టింది. అది ఆయన ఫోన్‌లో వాల్‌పేపర్‌గా ఉంది.