స్టారు దించమన్న కొడుకు, దించలేని తల్లి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. నా వయసు అరవై రెండు. అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి దిగిపోయాను. మా అత్తగారి కాలం నుంచీ మేము మెనోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘంలో ఉన్నాము. రెండేళ్ల కింద అక్టోబరులో నా భర్త చనిపోయారు. ప్రతి డిసెంబరులో ఇంటి ముందు వేపచెట్టుకు క్రిస్మస్ స్టారు కట్టడం ఆయన పని. ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు. నా కొడుకు హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగి. నాలుగేళ్ల కింద పచ్చకామెర్లతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు కొందరు పరిచయమై, పదకొండు రోజులు వంతులవారీగా వాడి దగ్గర ఉన్నారు. తర్వాత వాడు వాళ్ల సంఘంలోనే చేరాడు. ఆ సంఘంలో క్రిస్మస్ చేయరు. పోయిన డిసెంబరు 24 రాత్రి భార్యాపిల్లలతో వచ్చి, "ఇది బైబిల్లో లేని పండుగ, స్టారు దించు" అన్నాడు. దించనన్నాను. "ఈ స్టారు కోసమే గదా నాయిన ఆ యేడు మిత్తికి పైసలు తెచ్చింది" అన్నాడు. క్యారల్స్ పాడడానికి వచ్చిన సంఘం పిల్లల ముందే మాటామాటా పెరిగింది. తెల్లవారి మొదటి బస్సుకే వెళ్లిపోయారు. ఈసారి పండుగకు రానని, 27న వస్తానని ఫోన్ చేశాడు. మా పక్కింటివాళ్లు సద్దుల బతుకమ్మ నాడు దేవుడికి పెట్టకముందే మలీద ముద్దలు (రొట్టె, బెల్లం కలిపి చేసేవి) తీసి మాకు పంపుతారు, క్రిస్మస్‌కు మేము పంపే గరిజెలు (కజ్జికాయలు) తీసుకుంటారు. పరాయివాళ్లకు ఉన్న ఆలోచన కన్నకొడుకుకు లేకపోయింది. కోడలే వాడిని మార్చిందని నా అనుమానం. తొమ్మిదేళ్ల మనవరాలు మాత్రం వాళ్లమ్మ ఫోన్ నుంచి మెల్లగా "నాయనమ్మా, స్టారు పెట్టినవా" అని అడిగింది. పండుగ మానుకోవాలా? 27న రావద్దని చెప్పాలా? పిల్లలకు కొత్తబట్టలు నా కూతురి చేత రహస్యంగా పంపవచ్చా? కొడుకు ఏడని సంఘంలో అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో దూరదూరంగా ఉన్న రెండు వాక్యాలను నేను పక్కపక్కన పెట్టి చదివాను. స్టారు కట్టడం మీ భర్త పని అని మీరు రాసినది ఒకటి, ఆ స్టారు కోసమే నాయిన మిత్తికి పైసలు తెచ్చాడని మీ కొడుకు అన్నది రెండవది. వేపచెట్టు మీద వెలిగేది ఒకటే స్టారు అయినా, దానిలో మీకు భర్త కనిపిస్తున్నారు, మీ కొడుకుకు అప్పు కనిపిస్తున్నది. దించమని అతను అన్నప్పుడు మీకు ఆయన ఆఖరి గుర్తును తీసేయమన్నట్లు వినిపించింది. దించనని మీరు అన్నప్పుడు అతనికి ఆ పాత కష్టాన్ని మళ్లీ కళ్లకద్దుకున్నట్లు కనిపించింది. బైబిల్లో ఉన్నదా లేదా అన్న వాదం వెనుక ఈ సంగతి ఉన్నదని నా అభిప్రాయం. ఆ వాదం గురించి కూడా చెబుతాను గాని, దానితోనే ఈ చిక్కు విడిపోతుందని అనుకోకండి.

ఆ అప్పు ఏమిటో మీరు రాయలేదు. ఏ సంవత్సరమో, ఎంతో, అప్పటికి మీ కొడుకు ఏ తరగతిలో ఉన్నాడో ఒక్క మాటా లేదు. ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు, క్యారల్స్ బృందానికి చాయ్ ఫలహారాలు, పండుగ నాడు వచ్చినవాళ్లందరికీ బగారా అన్నం, మటన్ కూర, మందిరంలో కానుక అన్నీ పరువుకు తగ్గట్టు జరగాలని నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి, మళ్లీ పండుగ వచ్చేదాకా తీర్చుకుంటూ పోయిన ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. క్రిస్మస్ అనే కాదు, దసరాకైనా పెళ్లికైనా అదే కథ. పెద్దలకు అది గడిచిపోయిన సంగతి. ఫీజు కట్టలేక పరీక్షల ముందు తరగతి బయట నిలబడ్డ పిల్లవాడు ఉంటే, అతనికి గడిచిపోదు. మీ ఇంట్లో అలాగే జరిగిందని నేను చెప్పలేను. అడగవలసినది మాత్రం మీరే. "ఆ యేడు నీకు ఏం కష్టమైంది బిడ్డా, నేనెప్పుడూ అడగలేదు" అని అడిగి, అతను చెప్పడం పూర్తయ్యేదాకా మీ భర్త తరఫున వకాల్తా తీసుకోకుండా ఉండగలిగితే, అది ఈ సంవత్సరం మీరు చేసే పనులన్నిటిలో కష్టమైనది అవుతుంది. ఆ తర్వాత స్టారు మీకు ఏమిటో మీరు చెప్పాలి. నిచ్చెన వేసుకొని ఆయన చెట్టెక్కడం, వైరు సరిచేయడం, కిందికి దిగి రోడ్డు మీది నుంచి చూసుకోవడం వంటివి అతనికి తెలిసినవే కావచ్చు గాని, ఆయన పోయాక వచ్చిన రెండో క్రిస్మస్‌కు అవి మీ మనసులో ఎంత స్థలం ఆక్రమించాయో అతనికి తెలిసి ఉండదు.

ఇక పండుగ బైబిల్లో లేదన్న మాట. ఇందులో నిజం ఉన్నదని ఒప్పుకోవడానికి మీరు వెనుకాడవలసిన పని లేదు. యేసు పుట్టుక కథ మత్తయి, లూకా సువార్తలలో ఉన్నది, తారీఖు ఎక్కడా లేదు. డిసెంబరు 25న ఆ పండుగ జరిగినట్లు మనకు దొరికే తొలి లిఖిత ఆధారం రోము నగరంలో 336వ సంవత్సరానిది. వద్దన్నవారూ కొత్తవారు కాదు. 1659లో అమెరికాలోని మసాచుసెట్స్ వలసరాజ్యంలో క్రిస్మస్ పాటించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా వేసే చట్టం చేశారు, అది 1681 దాకా నడిచింది. ఆ చట్టం చేసినవారు కూడా భక్తిగల క్రైస్తవులే. కాబట్టి మీ కొడుకు దేవుణ్ణి వదిలిపెట్టాడని గాని, చెడు సావాసంలో పడ్డాడని గాని అనుకోకండి. మీ సంఘం పుట్టుక కూడా ఒకసారి గుర్తుచేసుకోండి. 1860లో రష్యా సామ్రాజ్యంలోని మెనోనైట్ పల్లెలలో కొన్ని కుటుంబాలు, తమ తల్లి సంఘంలో భక్తి సన్నగిల్లిందని మనస్సాక్షి ఒప్పుకోక విడిపోయి ఏర్పరచుకున్నదే మెనోనైట్ బ్రదరెన్ సంఘం. ఆనాడు ఆ ఇళ్లలోని తల్లిదండ్రులు ఎంత బాధపడ్డారో నాకు తెలియదు గాని, బాధపడే ఉంటారు.

అయితే ఆ వాదంలోని నిజం మీ ఇంటి స్టారును దించమనే హక్కు అతనికి ఇవ్వదు. ఒకడు ఒక దినాన్ని మిగతావాటికంటే మంచిదిగా ఎంచుకుంటాడని, మరొకడు అన్ని దినాలనూ సమానంగా చూస్తాడని, ఎవరి మట్టుకు వారు తమ మనసులో రూఢిపరచుకోవాలని రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో ఉన్నది. అది మీ ఇద్దరికీ వర్తిస్తుంది. అతని ఇంట్లో స్టారు ఉండాలని మీరు అడగరాదు, మీ ఇంట్లో ఉండరాదని అతను అనరాదు. ఈ సంగతి మీ కొడుకుకు వాదంగా కాక, తల్లి మాటగా, ఒక్కసారి చెబితే చాలు. పండుగ మానుకోకండి, స్టారు దించకండి. 27న అతను వచ్చేసరికి కూడా దాన్ని తీసి దాచిపెట్టవద్దు. దాచిపెడితే అది తప్పు పనే అన్నట్లు అవుతుంది.

పక్కింటివారి మలీద ముద్దల గురించి మీరు కొడుకు మీద ఫిర్యాదుగా రాశారు గాని, నాకు అది మీ చేతిలోనే ఉన్న దారిలా కనిపించింది. దేవుడికి పెట్టినది మీరు తినరని ఆ ఇంటివారికి తెలుసు. అందుకని వారు బతుకమ్మ మానుకోలేదు, మిమ్మల్ని తినమని బలవంతమూ పెట్టలేదు, మీకు పంపడమూ ఆపలేదు. పూజకు ముందే నాలుగు ముద్దలు తీసి పక్కన పెట్టారు, అంతే. క్రిస్మస్‌కు మీరు పంపే గరిజెలను వాళ్లు తీసుకుంటున్నారు. మతమే వేరైన ఇంటితో ఇన్నేళ్లు కుదిరిన ఏర్పాటు, ఒకే బైబిలు చదివే కొడుకుతో కుదరకపోవడానికి కారణం లేదు. పండుగలో ఆరాధనకు చెందిన వాటిని, ఇంటికి చెందిన వాటిని వేరుచేసి చూడండి. తెల్లవారుజామున మందిరానికి రావడం, క్యారల్స్‌లో నిలబడడం, కేకు కోసేటప్పుడు ప్రార్థన చేయడం వంటివి అతనిని అడగకండి. పక్కన కూర్చొని అన్నం తినడం, తండ్రి సమాధి దగ్గరికి మీతో కలిసి నడవడం, ఒక రాత్రి ఆ ఇంట్లో పడుకోవడం మాత్రం నిర్మొహమాటంగా అడగండి. సంఘం పిల్లల క్యారల్స్ 27కు ముందే అయిపోతాయి కాబట్టి, పోయిన ఏటి పరిస్థితి మళ్లీ రాదు.

27న వస్తానన్న మాటను మీరు అవమానంగా తీసుకున్నారు. నేను అలా చూడను. అసలే రాకుండా ఉండగలిగినవాడు, పండుగకు రెండు రోజులు పక్కకు జరిగి వస్తానంటున్నాడు. మీ తాతముత్తాతల కాలపు సంగతి ఒకటి చెబుతాను. 1890లో నల్లగొండలో మిషను పని చేపట్టిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు రష్యా నుంచి వచ్చినవారు. అప్పటికి ఆ దేశంలో పాత జూలియన్ క్యాలెండరే నడిచేది, అది ఇక్కడి ఇంగ్లీషు క్యాలెండరుకు పన్నెండు రోజులు వెనుక ఉండేది. అంటే వారి స్వదేశంలో డిసెంబరు 25 వచ్చేసరికి ఇక్కడ జనవరి 6. మీ జిల్లాలో మిషను నడిపినవారి సొంత ఊళ్లలోనే ఆ రోజు ఇంకొక రోజున పడేది. మీ ఇంట్లో 27న పడితే ఏమవుతుంది? 23న చేసిన గరిజెలు అప్పటికి మెత్తబడవు. మటన్ ఆ రోజే తెప్పించండి. దానికి క్రిస్మస్ అని పేరు పెట్టకండి, కొడుకు వచ్చిన రోజు అనండి. ఎంత ఖర్చు పెట్టారో, అది మీ సొంత డబ్బేనని, ఎవరి దగ్గరా తీసుకోలేదని కూడా మాటల మధ్య అతనికి తెలియనివ్వండి.

కోడలి విషయంలో మీ అనుమానానికి మీ ఉత్తరంలోనే ఆధారం లేదు. మీ కొడుకు జబ్బుతో పడి ఉన్నప్పుడు పదకొండు రోజులు వంతులవారీగా దగ్గర ఉన్నవారి సంఘంలో చేరాడని మీరే రాశారు. అతనిని మార్చినది ఆ పదకొండు రోజులు. పైగా మనవరాలు మీకు ఫోన్ చేసినది వాళ్లమ్మ ఫోన్ నుంచి. ఆ సంగతి ఆమెకు తెలియదని అంత గట్టిగా అనుకోకండి. వీలైతే వచ్చే ఫోన్ ఆమెకే చేసి, 27న పిల్లలకు ఏమి వండమంటావని అడగండి.

కొత్తబట్టలు రహస్యంగా పంపకండి. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల ఆ గౌను ఎక్కడ దాచాలో, ఎవరికి ఏమి చెప్పాలో తెలియక నలిగిపోతుంది. బయటపడిన రోజు మీ కూతురికీ కొడుకుకూ కూడా మాటలు పోతాయి. పుట్టినరోజుకో బడి తెరిచే ముందో, తల్లిదండ్రుల ఎదుటే ఇవ్వండి. స్టారు పెట్టినవా అని ఆ పిల్ల మళ్లీ అడిగితే, పెట్టానని నిజం చెప్పండి, మీ నాన్నకు చెప్పవద్దు అని మాత్రం అనకండి.

సంఘంలో అడిగేవారికి "27న వస్తున్నాడు" అన్న ఒక్క వాక్యం చాలు. అది అబద్ధం కాదు, దాని వెనుక కథ చెప్పవలసిన బాధ్యతా మీకు లేదు. పాస్టరు అయ్యగారిని పంపి కొడుకుకు బుద్ధి చెప్పించాలన్న ఆలోచన ఎవరైనా పెడితే వద్దనండి. ఇంటి గొడవ రెండు సంఘాల గొడవగా మారితే ఎవరూ వెనక్కి తగ్గలేరు. 25న ఒంటరిగా కూర్చోకండి. మీ కూతురికి అత్తగారింటి పండుగ ఉంటుంది కాబట్టి ఆమె మీద భారం వేయకుండా, కొడుకులు ముంబైకో పుణెకో పనులకు పోయి ఒక్కరే మిగిలిన పెద్దవాళ్లను ఒకరిద్దరిని మీ వాడలో నుంచి భోజనానికి పిలవండి. మన దిక్కు అలాంటివారు దొరకని ఊరు లేదు.

స్టారు ఎవరు కట్టాలన్నది కూడా మీరు అడగలేదు గాని నాకు తట్టింది. అరవై రెండేళ్ల వయసులో నిచ్చెన ఎక్కకండి, పక్కింటి పిల్లవాడిని పిలవండి. ఒకవేళ 27న కూడా మీ కొడుకు రాకపోతే, జనవరి మొదటి వారంలో గరిజెల డబ్బా పట్టుకొని మీరే హైదరాబాదు బస్సెక్కండి. వెళ్లిన రోజు స్టారు మాట ఎత్తకండి. ఆ అప్పు సంగతి మాత్రం, పిల్లలు పడుకున్నాక, అడగండి.