కోబ్రా రెప్లికాకి 62 వేల డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను, వయసు 44. షెల్బీ కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారంటే చదువుకునే రోజుల నుంచీ పిచ్చి. దగ్గర్లో ఒకాయన విడిభాగాల కిట్ తెప్పించి, గ్యారేజీలో సొంతంగా బిగించుకున్న రెప్లికాని, అంటే నకలు కారుని, అమ్మకానికి పెట్టాడు. 62 వేలు చెబుతున్నాడు. తనకే 70 వేలైందని బిల్లులు చూపించాడు. ఇంటి మీద హెలాక్ (ఇల్లు హామీగా పెట్టి తీసుకునే అప్పు) తీసుకుని కొందామనుకుంటున్నాను. పాత మోడల్ కదా, విలువ పెరుగుతుందా? నాలుగేళ్ళలో హైదరాబాద్ వెళ్ళిపోయే ఆలోచన ఉంది. బేరం ఎలా ఆడాలి?

జవాబు: ఆ కారులో పాతది రూపం ఒక్కటేనండీ. కారోల్ షెల్బీ 1960లలో తయారుచేసిన అసలు కోబ్రాలు వెయ్యికి అటూ ఇటూ ఉంటాయి. మొట్టమొదటిది, సీఎస్ఎక్స్ 2000, 2016 వేలంలో కోటీ 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది. ఆ ధర చరిత్రకి. మీరు చూసినలాంటి ఫైబర్‌గ్లాస్ కిట్లు ఫ్యాక్టరీ ఫైవ్ వంటి కంపెనీలు ఇవాళా పంపిస్తున్నాయి. కొత్తది ఆర్డరిస్తే వచ్చే వస్తువుకి కొరత వల్ల ధర పెరగడం ఉండదు.

ఆయన 70 వేలు పెట్టాడంటే నమ్మండి. కానీ తన కొలతలకి కుట్టించుకున్న సూటు ఖర్చు కొనేవాడు ఇవ్వడు కదా. శనాదివారాలన్నీ పెట్టి చేసిన పనికి మార్కెట్ దాదాపు ఏమీ కట్టదు. ఇంట్లో బిగించిన కారు, ఎంత శుభ్రంగా ఉన్నా, ఖర్చుకన్నా తక్కువకే పోవడం మామూలు. దక్షిణాఫ్రికాలో ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చే సూపర్‌ఫార్మెన్స్ కార్లకి ఎక్కువ పలుకుతుంది, ఎవరు బిగించారన్న అనుమానం ఉండదు గనక. ఇదే కారైతే నేను 46 దగ్గర మొదలుపెట్టి 50 దాటను.

బేరం మెసేజీలో వద్దు. చూడకుండానే "లాస్ట్ ప్రైస్ ఎంత?" అని పంపితే ఆయన జవాబు కూడా ఇవ్వడు. "కిట్ కారే కదా" అన్న మాట అసలు రానివ్వకండి. ఏళ్ళ తరబడి కష్టపడి కట్టుకున్నాడు. వెళ్ళి, ఎలా కట్టాడో చెప్పనివ్వండి. మొదట ఆయన నడుపుతుంటే పక్కన కూర్చోండి. స్టీరింగ్ అడిగేది డబ్బు సిద్ధంగా ఉండి, కొనే ఉద్దేశం గట్టిగా ఉన్నప్పుడే. దిగేటప్పుడు సైడ్ పైపు (తలుపు కింద ఉండే పొగగొట్టం) జాగ్రత్త, పిక్క కాలుతుంది! తర్వాత కారణం చూపించి ఒక్క అంకె చెప్పండి. బయట పెద్ద ఇంజన్ సైజు 427 అని బ్యాడ్జి ఉండి, బానెట్ కింద పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు నుంచి తీసిన చిన్న 302 ఇంజన్ ఉండటం ఈ కార్లలో కొత్తేమీ కాదు. అది ధర తగ్గించమనడానికి న్యాయమైన కారణం, ఆయనకీ తెలుసు.

అంతకన్నా ముఖ్యం టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం. దాని మీద రెప్లికా అనో, విడిభాగాలతో బిగించిన వాహనమనో ఉందా? చాసిస్ నంబరు కిట్ కంపెనీ ఇచ్చిన కాగితంతో సరిపోతోందా? ఉత్త "1965" మోడల్ అని ఉంటే, కౌంటీ ఆఫీసులో అడిగి స్పష్టంగా తేలేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

హెలాక్ మాత్రం నేను ఒప్పుకోను. కారుకి వాడితే ఆ వడ్డీకి పన్ను మినహాయింపు రాదు. సరదా కోసం ఇల్లు తాకట్టులో పెట్టినట్టవుతుంది. 48 వేలకి కుదిరితే 6.25 శాతం సేల్స్ టాక్స్ మరో 3 వేలు. ఇన్సూరెన్స్ ముందే విలువ ఒప్పుకున్న అగ్రీడ్ వాల్యూ పాలసీ అయ్యుండాలి, మామూలు పాలసీ చాలదు. సొంత వాడకం కారు కాబట్టి అమ్మినప్పుడు నష్టమొస్తే పన్నులో చూపించుకోలేరు, లాభమొస్తే మాత్రం కట్టాలి.

హైదరాబాద్ తీసుకెళ్ళే ఆశ వదిలేయండి. ఇండియాకి వాడిన కారు దిగుమతి చేయాలంటే మూడేళ్ళలోపుదీ, కుడివైపు స్టీరింగుదీ అయ్యుండాలి. అంటే అమెరికాలోనే అమ్మాలి, వెళ్ళే ముందు కనీసం ఒక వేసవి చేతిలో ఉంచుకుని. ప్రకటనలో మొదటి మాటే "రెప్లికా" అని, ఏ కంపెనీ కిట్టో, ఏ ఇంజనో, ఎక్కడ పెయింట్ పగిలిందో రాయండి. ఉత్త "షెల్బీ" అని రాస్తే తెలిసినవాళ్ళు దగ్గరికి రారు, తెలియనివాళ్ళు తర్వాత కేసు వేస్తారు.

అప్పటికి 40 వేలు వస్తాయనుకోండి. టాక్సుతో కలిపి 11 వేలు పోతాయి, ఇన్సూరెన్సూ టైర్లూ అదనం. పిల్లల 529 ఖాతాలో (చదువు కోసం దాచే పొదుపు) వేసేది ఆపకుండా, పొదుపు డబ్బులోంచే ఇంత పోయినా ఫరవాలేదనుకుంటే కొనుక్కోండి.